ఎముకల డాక్టరు దగ్గర మీ అనుభవాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎముకల డాక్టర్ల దగ్గర మీకు ఎదురైన అనుభవాలను, మంచివైనా చేదువైనా, ఉన్నదున్నట్టు రాసి పంపమని రెండు నెలల కిందట ఈ శీర్షికలో కోరాము. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటన్నిటినీ ఒకటికి రెండుసార్లు చదివాను. ఆపరేషన్ చెడగొట్టారని రాసినవారు కొద్దిమందే. ఎక్కువమంది బాధ ఏమిటంటే, తమ ఒంట్లో ఏం జరిగిందో, ఏం చేయబోతున్నారో, ఇంటికి వెళ్లాక ఏం చేసుకోవాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదన్నది. ఎముకల వైద్యంలోనే జీవితమంతా గడిపినవాణ్ణి కనుక ఈ మాట నన్ను బాగా కదిలించింది. స్థలం చాలినంత మేరకు కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను. రాసినవారి పేర్లను, వారు ప్రస్తావించిన డాక్టర్ల, ఆసుపత్రుల పేర్లను తీసివేశాము.

ప్రశ్న: మా అమ్మ వయసు 62 ఏళ్లు. రెండు మోకాళ్లూ నొప్పి. మా ఊళ్లో ఒక డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, రెండు మోకాళ్లూ మార్చాల్సిందే" అన్నారు. లోపలికి వెళ్లి బయటికి రావడానికి మాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కడపలో చూపిస్తే మరో డాక్టరు, "ఇప్పుడే అవసరం లేదు, బరువు తగ్గి వ్యాయామం చేయండి" అన్నారు. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవారే. ఎవరి మాట నమ్మాలి? ఇద్దరిలో ఒకరు మమ్మల్ని మోసం చేస్తున్నట్టేనా? (ఒక కుమార్తె, ప్రొద్దుటూరు)

జవాబు: మోసం అనే మాట దగ్గరికి అంత త్వరగా వెళ్లవద్దమ్మా. మోకాలి అరుగుదలలో ఇద్దరు నిజాయితీపరులైన డాక్టర్లు రెండు రకాలుగా చెప్పడం తరచుగా జరిగేదే, ఎందుకంటే మోకాలు మార్చాలా వద్దా అన్నది ఎక్స్‌రే ఒక్కటే తేల్చే విషయం కాదు. బొమ్మలో ఎముకకు ఎముక తగులుతున్నట్టు కనిపిస్తున్నా ఇంటిపని అంతా చేసుకోగలిగేవారు ఉన్నారు. బొమ్మలో అరుగుదల కొంచెమే ఉన్నా రాత్రుళ్లు నిద్రపట్టనివారూ ఉన్నారు. అందుకని డాక్టరు ముందుగా చూడవలసింది మనిషిని. మీ అమ్మగారు ఎంత దూరం ఆగకుండా నడవగలరు, మెట్లు ఎక్కడం ఎక్కువ కష్టమా దిగడమా, పడుకున్నాక కూడా నొప్పి ఉంటుందా, మాత్రలు వేసుకుంటే ఎంతసేపు ఊరట, కాళ్లు వంకర తిరిగాయా అన్న ప్రశ్నలు అడగకుండా, మంచం మీద పడుకోబెట్టి మోకాలిని వంచి చూడకుండా, "మార్చాల్సిందే" అని చెప్పి ఉంటే ఆ నిర్ణయం సరైనదే అయినా దానికి దారి సరైనది కాదు.

ఎక్స్‌రే విషయంలో కూడా ఒక సంగతి చూసుకోండి. మోకాలి అరుగుదలకు బొమ్మను నిలబెట్టి తీయాలి. పడుకోబెట్టి తీస్తే కాలి మీద బరువు పడదు కాబట్టి రెండు ఎముకల మధ్య సందు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. రెండు చోట్ల రెండు రకాలుగా తీసిన బొమ్మలను చూసి ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పిన సందర్భాలను నేను చూశాను.

కడప డాక్టరు చెప్పిన సలహాను తేలికగా తీసుకోకండి. మనిషి ఒక కిలో బరువు తగ్గితే నడిచేటప్పుడు మోకాలి మీద అడుగడుగుకూ దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని లెక్క. తొడ ముందువైపు కండరం బలపడితే మోకాలికి అదే ఊతకర్ర. గోడకు ఆనుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి పది లెక్కపెట్టేవరకు పట్టి ఉంచే చిన్న వ్యాయామంతో మొదలుపెట్టవచ్చు. ఫిజియోథెరపీ చేసేవారి దగ్గర ఒకటి రెండుసార్లు సరిగ్గా నేర్చుకుని, మూడు నెలలు మానకుండా చేయాలి. వారం చేసి ఫలితం లేదనకూడదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుకూర్చుని చాకిరీ చేయడం తగ్గించి, మరుగుదొడ్డికి కుర్చీ ఏర్పాటు చేయండి.

ఇవన్నీ ఓపికగా చేసిన తరువాత కూడా రాత్రి నొప్పి తగ్గక, ఇంట్లో నాలుగడుగులు వేయడమే గండంగా ఉంటే, అప్పుడు మోకాలి మార్పిడికి భయపడవలసిన పనిలేదు. అది మంచి ఆపరేషన్. సరిగ్గా చేసిన కీళ్లలో ఎక్కువ భాగం 20 ఏళ్లు దాటి పనిచేస్తున్నాయి. అయితే ఆ డాక్టరును ముందుగానే కొన్ని అడగండి: రెండూ ఒకేసారి మారుస్తారా, విడివిడిగానా, ఎందుకు? షుగరు ఎంతకు తగ్గాక చేస్తారు? తరువాత నేల మీద కూర్చోవచ్చా? మన ఇళ్లలో ఆడవాళ్లకు ఈ చివరి ప్రశ్న చాలా పెద్దది, కానీ ఆపరేషన్ అయ్యాక గానీ చాలామందికి అది గుర్తుకురాదు. చాలా వరకు కూర్చోవద్దనే చెబుతారు.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ చెప్పడం నా బాధ్యత. మోకాలి కృత్రిమ కీలు ధరకు కేంద్ర ప్రభుత్వ ధరల నియంత్రణ సంస్థ 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి పెట్టింది. అప్పట్లో ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం లోహపు రకానికి ఆ పరిమితి జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. ఇది కీలు ధర మాత్రమే, ఆసుపత్రి ఖర్చు వేరు. బిల్లులో కీలు ధరను విడిగా, దాని కంపెనీ, బ్యాచి నంబరుతో సహా చూపించాలని కూడా అదే ఉత్తర్వులో ఉంది. "ప్యాకేజీ ఇంత" అని ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే, విడిగా రాసి ఇవ్వమని మర్యాదగానే అడగండి.

ఇక ఎవరి మాట నమ్మాలన్నదానికి నా సమాధానం ఇది. మీ అమ్మగారిని నడిపించి చూసినవారి దగ్గరికి, మీ ప్రశ్నలకు విసుక్కోనివారి దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఆయన మూడు నెలల తరువాత "ఇక మార్చక తప్పదు" అంటే అప్పుడు ఒప్పుకోవడానికి మీకూ మనసొప్పుతుంది.

ప్రశ్న: ఏడేళ్ల మా బాబు వేపచెట్టు మీదినుంచి పడి మోచేయి విరగ్గొట్టుకున్నాడు. మా దగ్గర అందరూ చేసినట్టే మేమూ కట్టు కట్టేవారి దగ్గరికి తీసుకెళ్లాము. వెదురు బద్దలు పెట్టి గట్టిగా కట్టారు. ఆ రాత్రంతా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. కట్టు కట్టాక నొప్పి ఉంటుందిలే అనుకున్నాము. మరుసటి రోజు వేళ్లు నల్లబడితే పట్నానికి పరుగెత్తాము. డాక్టరు కట్టు కోసి, ఆపరేషన్ చేశారు. చేయి నిలబడింది గానీ వేళ్లు ముడుచుకుపోయాయి. అందరి ముందూ ఆయన, "మీరు తల్లిదండ్రులేనా" అని మమ్మల్ని తిట్టిన తిట్టు ఇప్పటికీ చెవుల్లో ఉంది. వేళ్లు ఇలా కావడానికి కారణం కట్టా, ఆపరేషనా? కేసు వేయమని బంధువులు అంటున్నారు. (నేత పనివారు, ఎమ్మిగనూరు)

జవాబు: మొదట ఒక మాట. గుంట మగ్గంలో రోజంతా కూర్చుని బతుకు నెట్టుకొచ్చే మీరు, పిల్లవాడి మీద ప్రేమ లేక ఆ పని చేయలేదు. తరతరాలుగా మీ చుట్టూ ఉన్నవారు నమ్మిన దారినే మీరూ నమ్మారు. తిరుపతి దగ్గరి పుత్తూరు పేరు పెట్టుకున్న కట్టు బోర్డులు రాయలసీమలో లేని పట్నం లేదు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టుతో ఎంతోమందికి ఎముకలు అతికాయి. కదలకుండా పట్టి ఉంచితే పక్కకు జరగని చిన్న విరుగుళ్లు అతుక్కోవడం ఎముక స్వభావం. నేను ఆ విద్యను హేళన చేయను.

అయితే పిల్లల మోచేతి పై భాగంలో వచ్చే విరుగుడు అన్నిటిలాంటిది కాదు. అయిదు నుంచి ఏడేళ్ల వయసులో, చేయి చాపి కింద పడినప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. విరిగిన ఎముక మొనకు ఆనుకునే చేతికి రక్తం తీసుకెళ్లే ప్రధాన నాళం, నరాలు ఉంటాయి. దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే అక్కడ వాపు పెరుగుతుంది. వాపు పెరిగే చోట బిగుతుగా కట్టు పడితే లోపలి ఒత్తిడి పెరిగి ముంజేతి కండరాలకు రక్తం అందదు. ఆ స్థితి సుమారు ఆరు గంటలు దాటితే కండరం చనిపోవడం మొదలవుతుంది. చనిపోయిన కండరం ఎండిన తోలులా కుంచించుకుపోయి వేళ్లను లోపలికి లాగేస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి, రాత్రంతా ఏడ్చిన ఆ పన్నెండు పదమూడు గంటల్లోనే నష్టం జరిగిపోయిందని నేను అనుకుంటున్నాను. ఆపరేషన్ చేయి పోకుండా కాపాడింది, వేళ్లు ముడుచుకోవడానికి అది కారణం కాదు.

మీ ఉత్తరం చదివే ఇతర తల్లిదండ్రుల కోసం ఇది నొక్కి చెబుతున్నాను. కట్టు నాటువైద్యుడు వేసినా, పెద్ద ఆసుపత్రిలో పిండికట్టు వేసినా, కట్టాక నొప్పి తగ్గాలి గానీ పెరగకూడదు. నొప్పి పెరుగుతూ పోతున్నా, వేళ్లను మెల్లగా చాపబోతే పిల్లవాడు కేక పెట్టినా, వేళ్లు పాలిపోయినా, నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా తెల్లవారేదాకా ఆగకూడదు. అర్ధరాత్రయినా సరే వెళ్లి కట్టు విప్పించాలి. కట్టు పాడైతే మళ్లీ వేసుకోవచ్చు.

డాక్టరు తిట్టిన తిట్టు గురించి. ఆయన చేసిన వైద్యం సరైనదే, కానీ ఆ మాట తప్పు. నేను కర్నూలు పెద్దాసుపత్రిలో పనిచేసిన తొలి రోజుల్లో, ఇలాగే నల్లబడిన వేళ్లతో వచ్చిన ఒక బిడ్డ తండ్రిని నేనూ అరిచాను. పిల్లవాడి చేయి చూసిన దుఃఖం అది, కానీ పడింది ఆ తండ్రి మీద. అతను మళ్లీ ఆసుపత్రికి రాలేదు, కట్టు మార్చడానికి కూడా బిడ్డను తీసుకురాలేదు. ఆ తరువాత అలాంటి తల్లిదండ్రులను చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తుకొచ్చి గొంతు తగ్గించుకున్నాను. డాక్టరు కోపానికి భయపడి రోగి రావడం మానేస్తే ఆ నష్టం కూడా వైద్యంలో జరిగిన నష్టమే.

కేసు విషయంలో ఆవేశపడవద్దు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కానీ ఫలితం బాగా రాకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. మీ శక్తిని ఇప్పుడు బాబు చేతి మీద పెట్టండి. వేళ్లను చాపి ఉంచే ప్రత్యేకమైన పట్టీలు, క్రమం తప్పని ఫిజియోథెరపీ, అవసరమైతే కండరాన్ని సడలించే రెండో ఆపరేషన్‌తో చేతికి చాలావరకు పట్టు తిరిగి వచ్చే అవకాశం ఉంది. చేతి శస్త్రచికిత్స తెలిసిన ఎముకల లేదా ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించండి. ఆలస్యం చేస్తే కీళ్లు కూడా బిగుసుకుంటాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర కాగితాలన్నీ తీసుకునే వెళ్లండి. మళ్లీ ఆయన ముఖం చూడాలంటే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, అయినా వెళ్లండి.

ప్రశ్న: పెద్దాసుపత్రిలో ప్రొఫెసరు కోసం వెళితే చిన్న డాక్టర్లే చూసి పంపుతున్నారు. ఇది న్యాయమా? (కర్నూలు)

జవాబు: కర్నూలు ప్రభుత్వాసుపత్రి అక్కడి వైద్య కళాశాలకు అనుబంధమైనది. అక్కడ రోగులను యూనిట్ల వారీగా చూస్తారు. ఒక్కో యూనిట్‌కు ఒక పెద్ద డాక్టరు, ఆయన కింద పీజీ (పైచదువు చదువుతున్న) డాక్టర్లు ఉంటారు. ముందు పీజీలు చూసి వివరాలు రాయడం అక్కడి పద్ధతే, అందులో అవమానం లేదు. మీ ఓపీ చీటీ మీద యూనిట్ రాసి ఉంటుంది. ఆ యూనిట్ ఓపీ వారంలో ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని, ఆ రోజు ఉదయాన్నే వెళ్లి "మా కేసు పెద్ద సారుకు చూపించండి" అని అడగండి. వేరే యూనిట్ రోజున వెళితే ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పుకోవలసి వస్తుంది.

ప్రశ్న: నాపరాళ్ల గనిలో బండ జారి నా కాలు మీద పడింది. మోకాలి కింది ఎముకకు రాడ్డు వేశారు. ఇప్పటికి 20 నెలలు. నడుస్తున్నాను గానీ, బరువు ఎత్తితే మోకాలి చిప్ప కింద సలుపుతుంది. రాడ్డు తీయించుకోవాలా? తీయించుకుందామని వెళితే, "ఏ కంపెనీ రాడ్డో కాగితం తెచ్చుకో" అన్నారు. నా దగ్గర ఆ కాగితం లేదు. (బేతంచెర్ల)

జవాబు: పెద్దవాళ్లలో ఎముక పూర్తిగా అతికిన తరువాత రాడ్డు ఒంట్లో ఉన్నంత మాత్రాన హాని లేదు. తీయవలసిన అవసరం చాలామందికి రాదు. మీకు చిప్ప కింద సలపడానికి రాడ్డు పై మొన అక్కడి గట్టి పోగుకు (స్నాయువుకు) తగలడం కారణం కావచ్చు. అదే కారణమైతే తీయడం సబబే, కానీ ముందు కొత్త ఎక్స్‌రే తీసి ఎముక నాలుగు వైపులా అతికిందో లేదో చూసుకోవాలి. తీసినా నొప్పి పూర్తిగా పోతుందన్న హామీ లేదని కూడా తెలిసి చేయించుకోండి.

కాగితం అడగడంలో వారి తప్పు లేదు. ఒక్కో కంపెనీ రాడ్డుకు, స్క్రూకు ఒక్కో రకం పనిముట్లు కావాలి. అవి లేకుండా మొదలుపెడితే మధ్యలో ఆగిపోవలసి వస్తుంది. రాడ్డు పెట్టెలో వచ్చే స్టిక్కరును ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో మీ కేసు షీటుకు అంటించి ఉంటారు. వైద్యుల నడవడికకు సంబంధించిన 2002 నిబంధనల ప్రకారం రోగి తన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, వాటిని చికిత్స మొదలైన నాటినుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. మీకు ఇంకా 16 నెలల గడువు ఉంది కాబట్టి నోటితో కాకుండా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి.

మీరు అడగని మరో గడువు ఇంతకన్నా దగ్గరలో ఉంది. పనిలో జరిగిన ప్రమాదానికి పరిహారం కోరే దావాను మామూలుగా 2 ఏళ్ల లోపే వేయాలి. అంటే మీకు మిగిలింది 4 నెలలు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు ఉంటే ఆ దారి వేరు, వారి కార్యాలయానికే వెళ్లాలి. కార్డు లేకపోతే కార్మిక శాఖ కార్యాలయానికి ఈ వారమే వెళ్లండి. గని యజమాని ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు కదా అని మొహమాటపడవద్దు. ఆ ఖర్చు వేరు, వైకల్యానికి పరిహారం వేరు. ఎంత శాతం వైకల్యమో రాసిచ్చేది కూడా ఎముకల డాక్టరే కనుక, దావాకూ రాడ్డుకూ ఒకే ప్రయాణంలో పని జరుగుతుంది.

ప్రశ్న: నడుము, మెడ బిగుసుకుపోయి నాలుగేళ్లుగా ఎందరికో చూపించాను. అందరూ మాత్రలు రాశారు. కిందటి నెల అనంతపురంలో ఒక డాక్టరు, "మీరు ఎక్కడి నీళ్లు తాగుతారు?" అని అడిగారు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగినవారు లేరు. ఫ్లోరైడ్ ఎముకల్లో చేరిందన్నారు. ఇప్పుడు నీళ్లు మారిస్తే నడుము మళ్లీ వంగుతుందా? (రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం)

జవాబు: ఆ డాక్టరుకు నా నమస్కారాలు. అనంతపురం ప్రాంతంలో లోతైన బోర్ల నీళ్లు తాగేవారికి నడుము పట్టేసిందంటే ఎవరైనా మొదట అడగవలసిన ప్రశ్న అదే. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే అది ఎముకలో చేరి, ఎముకను చూడటానికి దట్టంగా, నిజానికి పెళుసుగా మారుస్తుంది. ఎముకలను కలిపే తంతువులు కూడా గట్టిపడి వెన్ను వెదురుకర్రలా అయిపోతుంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఇప్పటికే బిగుసుకున్న వెన్నును మళ్లీ వంచే మందు లేదు. కానీ నీళ్లు మారిస్తే ఇంకా చేరడం ఆగుతుంది, నొప్పి కొంత తగ్గుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా మీ ఇంట్లోని పిల్లల ఎముకలు బాగుంటాయి. నీళ్లు కాచి తాగితే సరిపోతుందని అనుకోవద్దు. కాస్తే నీరు ఆవిరైపోయి ఫ్లోరైడ్ మిగులుతుంది, సాంద్రత పెరుగుతుంది. మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్షించమనండి. పైపుల ద్వారా నది నీళ్లు వచ్చే ఊరైతే తాగడానికి, వంటకు ఆ నీళ్లే వాడండి. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి బాగా తీసుకోవాలి, ఎందుకంటే తిండిలో సున్నం (కాల్షియం) తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ చెరుపు చేస్తుంది. కాళ్లలో తిమ్మిర్లు గానీ, నడకలో తూలడం గానీ, మూత్రం మీద పట్టు తప్పడం గానీ మొదలైతే వెన్నుపాము నొక్కుకుంటోందని అర్థం. అప్పుడు మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు.

ప్రశ్న: డాక్టరు మాత్రలతో తగ్గని మోకాళ్ల నొప్పి, ఊరూరూ తిరిగే ఒకాయన ఇచ్చిన పొడితో రెండు రోజుల్లో మాయమైంది. ఆరు నెలలుగా వాడుతున్నాను. ముఖం ఉబ్బిందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. (గుంతకల్లు)

జవాబు: పేరు, తయారీదారు చిరునామా లేని పొడి రెండు రోజుల్లో నొప్పిని మాయం చేసి, ముఖాన్ని గుండ్రంగా ఉబ్బిస్తే అందులో స్టెరాయిడ్ కలిసిందని గట్టిగా అనుమానించాలి. అది ఎముకలను గుల్లబారుస్తుంది, తుంటి గిన్నెలోని ఎముక తల చచ్చిపోయేలా చేయగలదు, షుగరు తెప్పిస్తుంది. అయితే ఈ ఉత్తరం చదివి ఈ రోజే దాన్ని పారేయకండి. ఆరు నెలలు వాడినదాన్ని హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. పొట్లాన్ని చేతపట్టుకుని వెంటనే జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మెల్లగా తగ్గించే పద్ధతి వారు చెబుతారు.

ప్రశ్న: 81 ఏళ్ల మా అత్తగారు బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. డాక్టరు రెండు రోజుల్లో ఆపరేషన్ చేయాలన్నారు. ఈ వయసులో కోత ఎందుకని పెద్దలు వద్దన్నారు. డబ్బు కోసం తొందరపెడుతున్నారని మాకూ అనిపించింది. ఆయన "మీ ఇష్టం" అని సంతకం పెట్టించుకుని పంపించేశారు. ఇంటికి తెచ్చి మంచం మీదే ఉంచి చూసుకున్నాము. రెండున్నర నెలలకు వీపు పుండ్లు పడి, జ్వరం వచ్చి పోయారు. మేము తప్పు చేశామా? (కోడలు, కడప)

జవాబు: అమ్మా, మీ ఉత్తరానికి జవాబు రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. మీరు నిజం అడిగారు కాబట్టి నిజమే చెబుతాను.

వైద్యం ప్రకారం ఆ డాక్టరు చెప్పింది సరైనదే. తుంటి విరిగిన వృద్ధులకు వీలైతే 48 గంటల లోపు ఆపరేషన్ చేయాలన్నది ప్రపంచమంతటా పాటిస్తున్న పద్ధతి, అందులో ఆయన స్వార్థం లేదు. ఆ తొందర ఎముక అతకడం కోసం కాదు, మనిషిని మంచం మీదినుంచి లేపడం కోసం. ఆ వయసులో వారాల తరబడి కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, మూత్రంలో చీము చేరుతుంది, వీపు పుండ్లు పడతాయి. ఎముక విరిగి చనిపోయేవారు అరుదు, పడుకుని చనిపోయేవారే ఎక్కువ. వయసు ఒక్కటే చూసి ఆపరేషన్ వద్దనడానికి లేదు. గుండె, ఊపిరితిత్తులు తట్టుకోగలవా అన్నదే చూడాలి.

ఈ నాలుగు మాటలను ఆ డాక్టరు మీ పెద్దలను కూర్చోబెట్టి చెప్పి ఉంటే, మీరు వేరే నిర్ణయం తీసుకునేవారేమో. కాళ్లు చేతులు ఆడక నిలబడి ఉన్న కుటుంబానికి "మీ ఇష్టం" అన్నది ఎంపిక ఇవ్వడం కాదు. ఏ దారిలో ఏం జరుగుతుందో తెలిసినప్పుడే అది మీ ఇష్టం అవుతుంది. కాగితం మీద సంతకం ఆయన దగ్గర ఉంది గానీ, ఆ సంతకానికి అర్థం మీకు ఎవరూ చెప్పలేదు. అందువల్ల ఆ భారమంతా మీరు ఒక్కరే మోయకూడదు.

ఇంకొక నిజం కూడా తెలుసుకోండి. అన్నీ సవ్యంగా జరిగి ఆపరేషన్ చేసినా, తుంటి విరిగిన వృద్ధుల్లో సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరగకుండానే పోతారు. ఆపరేషన్ చేయించి ఉంటే మీ అత్తగారు తప్పక బతికేవారని ఎవరూ చెప్పలేరు. నొప్పి తక్కువగా ఉండేది, కూర్చోగలిగేవారు, పుండ్లు పడేవి కావేమో. అంతవరకే నేను చెప్పగలను. రెండున్నర నెలలు మీరు ఆమెకు ఒళ్లు తుడిచి, అన్నం కలిపి పెట్టారని మీ ఉత్తరంలో ఉంది. ఆ సేవ వృథా కాలేదు.

మీ మామగారికి 84 ఏళ్లని, అదే ఇంట్లో, అదే బాత్రూం వాడుతున్నారని రాశారు. ఈ వారంలోనే ఒక తాపీమేస్త్రీని పిలిచి కమోడు పక్కన, స్నానం చేసే చోట గోడకు స్టీలు కడ్డీలు గట్టిగా బిగించమనండి. నున్నని టైల్స్ మీద గరుకు చాపలు వేయండి, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి. ఆయన వేసుకునే నిద్రమాత్రలు, బీపీ మాత్రల వల్ల లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయేమో మీ డాక్టరును అడగండి. కళ్లజోడు మార్చి ఎన్నేళ్లయిందో చూడండి. ఎముకల సాంద్రత పరీక్ష ఒకసారి చేయించి, ఎముక గుల్లబారి ఉంటే మందు మొదలుపెట్టమనండి. ఆ పరీక్ష కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ అత్తగారి సంగతి కూడా ఆయనకు చెప్పండి.